పంపు పెట్టించాలా వద్దా? పార్కిన్సన్స్ ముదిరాక ఇన్‌ఫ్యూజన్ చికిత్స, ఇంట్లో చేస్తున్నవాళ్లు చెప్పండి

శారద_లెస్టర్ | మార్చి 4

అందరికీ నమస్కారం. ఇక్కడ రాయడం ఇదే మొదటిసారి. మావారికి 67 ఏళ్లు, పార్కిన్సన్స్ బయటపడి పద్నాలుగేళ్లు. ఇంగ్లండ్‌లో ఉంటాం, ఇంట్లో ఇద్దరమే. అబ్బాయి లండన్‌లో ఉద్యోగం.

ఇప్పుడు రోజుకు ఏడుసార్లు లెవోడోపా మాత్ర వేస్తున్నాను. వేసిన ముప్పావుగంటకు పట్టు దొరుకుతుంది, గంటన్నర బాగుంటారు, తర్వాత కొళాయి కట్టేసినట్టు ఆగిపోతుంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక వేసిన మాత్ర చాలా రోజులు అసలు పనిచేయదు. బాగున్న ఆ గంటన్నరలో కూడా తల, భుజాలు ఊగుతూనే ఉంటాయి. మొన్న బాత్రూం గుమ్మం దగ్గర నలభై నిమిషాలు నిలబడిపోయారు. కాలు పైకి లేవలేదు. నేను వెనకనుంచి నడుం పట్టుకుని అలాగే నిలబడ్డాను.

మెదడు ఆపరేషన్ (డీబీఎస్) గురించి అడిగితే, జ్ఞాపకశక్తి పరీక్షలో తగ్గుదల కనిపించింది కాబట్టి వద్దన్నారు. అపోమార్ఫిన్ అనే ఇంకో మందు ఇచ్చి చూశారు, నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరిగాయి. ఇక ప్రొడుయోడోపా పంపు ఒక్కటే దారి అంటున్నారు. పొట్ట చర్మం కింద సూది, ఇరవై నాలుగు గంటలూ మందు వెళ్తూనే ఉంటుందట.

రోజూ మందు నింపడం, సూది మార్చడం నావల్ల అవుతుందా అని నా టెన్షన్. పొద్దున్నే నా వేళ్ల కీళ్లు పట్టేసి ఉంటాయి. రాత్రంతా మిషను నడుస్తుంటే ఆయనకు నిద్ర పడుతుందా? ఆయనేమో "ఒంటికి మిషను కట్టుకుని బతకాలా శారదా" అంటున్నారు. రెండు వారాల్లో ఏదో ఒకటి చెప్పాలి. ఇంట్లో చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి రాయండి.


మేరీ_సిస్టర్ | మార్చి 4

శారద గారూ, మాది గుంటూరు. బర్మింగ్‌హామ్‌లో న్యూరాలజీ వార్డులో పదహారేళ్లుగా నర్సుగా చేస్తున్నాను. మీ డాక్టర్ చెప్పినదానికి నా మాట అడ్డం పెట్టుకోకండి, తోడుగా చదవండి.

మాత్ర ఎందుకు మొండికేస్తోందో ముందు చెప్తాను. లెవోడోపా కడుపులో ఇంకదు, చిన్నపేగు మొదటి భాగానికి చేరాలి. పార్కిన్సన్స్‌లో కడుపు ఖాళీ అవడమే నెమ్మదిస్తుంది, అందుకని మాత్ర అక్కడే కూర్చుండిపోతుంది. పేగుకు చేరాక పప్పు, పెరుగు, చేపల్లోని ప్రొటీన్‌తో పోటీ. రెండూ ఒకే ద్వారంలోంచి రక్తంలోకి వెళ్లాలి మరి. మధ్యాహ్నం మాత్ర పనిచేయకపోవడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. తీరా రక్తంలోకి వెళ్లాక గంటన్నరకు సగమైపోతుంది. లెవోడోపా మెదడులో డోపమైన్‌గా, అంటే కదలికలను నడిపే రసాయనంగా మారుతుంది. జబ్బు కొత్తలో మెదడులో మిగిలిన కణాలు డోపమైన్‌ను దాచుకుని కొంచెం కొంచెంగా వాడతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ దాచుకునే కణాలే తరిగిపోతాయి. ఇక రక్తంలో మందు పెరిగితే ఊగుడు, తగ్గితే బిగుసుకుపోవడం. పంపు ఆ మందును రోజంతా ఒకే మట్టంలో నిలబెడుతుంది.

మీకు చెప్పిన మందు లెవోడోపాకే ఇంకో రూపం. మామూలు లెవోడోపా నీళ్లలో సరిగ్గా కరగదు, అందుకే చర్మం కింద ఇవ్వడం ఇన్నాళ్లూ కుదరలేదు. దానికి ఫాస్ఫేట్ తగిలించి కరిగేలా చేశారు, ఒంట్లోకి వెళ్లాక ఆ ఫాస్ఫేట్ ఊడిపోయి లెవోడోపా మిగులుతుంది. ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌లో ఏ మందు ఇవ్వాలో చెప్పే నైస్ సంస్థ 2023 నవంబరులో దీన్ని ఒప్పుకుంది, 2024 ఫిబ్రవరి నుంచి ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ ఇస్తోంది. అపోమార్ఫిన్, డీబీఎస్ కుదరనివాళ్లకు, లేదా వాటితో పని జరగనివాళ్లకు ఇవ్వమని నియమం. మీవారు సరిగ్గా అందులోకే వస్తారు.

ఎంత మేలు చేస్తుందంటే, 2022లో అచ్చయిన 12 వారాల పరిశోధనలో, ఊగుడు బాధ లేని మంచి సమయం ఈ పంపు పెట్టుకున్నవాళ్లకు రోజుకు సగటున 2.72 గంటలు పెరిగింది. మాత్రల మీదే ఉన్నవాళ్లకు 0.97 గంట.

ఒక్కటి మాత్రం మీరిద్దరూ ఇప్పుడే గట్టిగా మాట్లాడుకోండి. మాత్ర బాగా పట్టిన ఆ గంటన్నరలో ఆయన ఎలా ఉంటారో, పంపు రోజంతా దాదాపు అలా ఉంచడానికి చూస్తుంది. ఆ మంచి గంటలో కూడా పడిపోతుంటే, మింగడం కష్టమవుతుంటే, మతిమరుపు ఉంటే అవి పంపుతో పోవు. ఇది తెలియక పెట్టించుకుని నెల తిరక్కుండా తీసేయమన్నవాళ్లను చూశాను.


కిరణ్_ఎడిసన్ | మార్చి 5

శారద ఆంటీ, న్యూజెర్సీ నుంచి రాస్తున్నాను. మా అమ్మకు రెండు రకాల పంపులూ అయ్యాయి, కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

2018లో పెట్టింది గొట్టం పంపు. పొట్టకు చిన్న రంధ్రం చేసి కడుపులోకి ఒక గొట్టం, దాని లోపలినుంచి చిన్నపేగు దాకా ఇంకో సన్న గొట్టం. లెవోడోపా జెల్ నిండిన క్యాసెట్టును పొద్దున పంపుకు తగిలిస్తే పదహారు గంటలు వెళ్తుంది. ఒక్కో క్యాసెట్టు 100 మిల్లీలీటర్లు, అందులో 2000 మిల్లీగ్రాముల లెవోడోపా. పంపు, క్యాసెట్టు కలిపితే అర కిలో దాకా బరువు. ఈ జెల్ స్వీడన్‌లో ఉప్సాలా డాక్టర్ల పరిశోధనలోంచి వచ్చింది. యూరప్‌లో 2004 నుంచి ఉంది, అమెరికాలో అనుమతి 2015లో వచ్చింది.

మంచి ముందు చెప్తాను. పంపు పెట్టిన మూడోవారం అమ్మ తన చీర కుచ్చిళ్లు తనే పెట్టుకుంది. ఆరేళ్లుగా నైటీలే. అద్దం ముందు నిలబడి ఒక్కో మడత వేళ్ల మధ్య సర్దుకుంటూ, కుచ్చిళ్లు సమంగా రాలేదని విప్పి మళ్లీ పెట్టుకుంది. నాన్న తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండిపోయారు. పాత నూలు చీర చించి పంపుకు సంచీ కూడా తనే కుట్టుకుంది, భుజానికి తగిలించుకునేలా. దుకాణంలో కొన్న సంచీ కంటే అదే సుఖంగా ఉండేది.

ఇక కష్టాలు. లోపలి గొట్టం రెండుసార్లు పేగులోంచి జరిగి కడుపులోకి చుట్టుకుపోయింది. పంపు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, అమ్మ మాత్రం బిగుసుకుపోయి ఉంది. మొదటిసారి ఏం జరుగుతోందో మాకు తెలియలేదు. రాత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్తే అక్కడి డాక్టరుకు ఈ పంపు గురించే తెలియదు. తెల్లవారేదాకా మాత్రలు ఇవ్వకుండా ఉంచేశారు. ఆ రాత్రి అమ్మ పెదవి కూడా కదపలేకపోయింది. ఇప్పటికీ తల్చుకుంటే నాకు కడుపులో తిప్పుతుంది.

గొట్టం మూసుకుపోవడం కూడా ఉంది. రోజూ పంపు తీశాక నీళ్లు ఎక్కించి కడగాలి, ఒక్కరోజు మర్చిపోయినా పేచీ పెడుతుంది. పీచు ఎక్కువున్న కూరలు గొట్టం చివర చుట్టుకుని ఉండ కడతాయని చెప్పారు. మా ఇంట్లో మునక్కాయ, తోటకూర కాడలు అమ్మకు పెట్టడం మానేశాం. మునక్కాడల సాంబారులో పులుసు పోసి, ముక్క తీసేసి ఇచ్చేవాళ్లం. పొట్ట మీది రంధ్రం చుట్టూ చీము రెండుసార్లు పట్టింది. నాలుగో ఏడు కాళ్లకు తిమ్మిర్లు మొదలయ్యాయి, పరీక్ష చేస్తే బీ12 బాగా తక్కువ. ఎక్కువ మోతాదు లెవోడోపా వాడేవాళ్లలో బీ12, బీ6 ఎప్పటికప్పుడు చూడాలట, బరువూ చూసుకోవాలి. అమ్మ తొమ్మిది కిలోలు తగ్గింది.

ఇన్ని రాశానని భయపడకండి. ఈ ఆరేళ్లూ అమ్మ మాతో కూర్చుని తిన్నది, పెళ్లిళ్లకు వచ్చింది. మళ్లీ అడిగినా పెట్టించమనే చెప్తాను. 2025లో మీకు చెప్పిన రకానికే మారాం, ఇక్కడ దాన్ని వయలెవ్ అంటారు. దాని సంగతి రేపు రాస్తాను, ఆఫీసు టైమవుతోంది.


వెంకట్_ఖమ్మం | మార్చి 5

ఇంత హడావిడి ఎందుకండీ, దూలగొండి గింజల్లోనే లెవోడోపా ఉంది కదా. మన ఆయుర్వేదంలో కంపవాతానికి ఎప్పటినుంచో వాడుతున్నదే. మా మేనమామ పొడి వాడుతున్నారు, వణుకు తగ్గింది. ఇంగ్లీషు మందుల కంపెనీలకు డబ్బు పోయడం కంటే అది నయం కాదా?


మేరీ_సిస్టర్ | మార్చి 5

వెంకట్ గారూ, దూలగొండిలో లెవోడోపా ఉన్నమాట నిజమే, మీ మామయ్య గారికి గుణం కనిపించడానికి కారణం కూడా అదే. కానీ నోట్లో వేసుకున్న పొడి వెళ్లేది మాత్ర వెళ్లిన దారినే. అదే కడుపు, అదే పేగు, అదే ప్రొటీన్‌తో పోటీ. శారద గారి ఇంట్లో మందు ఉంది, అది సమంగా చేరడం లేదు. పొడితో ఆ చిక్కు తీరదు. పైగా ఏ డబ్బాలో ఎంత మందు ఉందో తెలియదు. మాత్రలకు తోడు డాక్టరుకు చెప్పకుండా ఇది కలిపితే డోసు రెండింతలై భ్రమలు వచ్చి వార్డుకు చేరినవాళ్లున్నారు. మీ మామయ్య గారు వాడుతున్న సంగతి ఆయన డాక్టరుకు తప్పకుండా చెప్పించండి.


రమణమూర్తి_విశాఖ | మార్చి 6

శారదమ్మా, నేను రిటైర్డ్ టీచర్ని. మా ఆవిడకు మూడేళ్లుగా అపోమార్ఫిన్ పంపు. మీవారికి అది పడలేదన్నారు, అయినా ఇది చదివేవాళ్లలో వేరేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

పేరు వినగానే మా బావమరిది "అక్కకు మార్ఫిన్ ఎక్కిస్తారా" అని గొడవ చేశాడు. మార్ఫిన్‌ను ఆమ్లంతో మార్చి తయారుచేస్తారు కాబట్టి ఆ పేరు వచ్చిందంతే. మత్తు ఇవ్వదు, నొప్పి తగ్గించదు. మెదడులో డోపమైన్ చేసే పనిని తనే చేస్తుంది. 2018లో వచ్చిన టోలెడో అనే పరిశోధనలో ఆఫ్‌లో, అంటే మందు పట్టు తప్పి బిగుసుకుపోయి ఉండే సమయం రోజుకు 2.47 గంటలు తగ్గింది, ఉత్తి నీళ్లు ఎక్కించినవాళ్లకు 0.58 గంట.

మొదట ఆసుపత్రిలో ఉంచి ఈసీజీ తీస్తూ, పడుకోబెట్టి, నిలబెట్టి బీపీ చూస్తూ డోసు కట్టారు. వాంతులు రాకుండా రెండు మూడు రోజుల ముందునుంచే డోంపెరిడోన్ వేశారు. వాంతులకు మన దగ్గర చటుక్కున ఇచ్చే ఆండాన్‌సెట్రాన్ ఈ మందుతో కలవకూడదు, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఈ మాట కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించాను. పిల్లలు వచ్చినా, పనమ్మాయి ఒక్కతే ఉన్నా కనపడాలి.

పొద్దున ఆరింటికి సూది పెడతాను, రాత్రి పదింటికి తీస్తాను. మందు ఒక చుక్క బట్ట మీద పడి గాలి తగిలితే ఆకుపచ్చగా మారుతుంది. మొదటి నెలలో నా తెల్ల పంచెలన్నీ పచ్చ మరకలే. ఉతికినా పోలేదు. ఇప్పుడు ఒళ్లో పాత తువ్వాలు పరుచుకుని కూర్చుంటాను. సూది దిగిన చోట చర్మం కింద చింతగింజలంత ఉండలు కడతాయి. రోజూ చోటు మార్చాలి, సూది తీశాక ఆ చోట వేళ్లతో గుండ్రంగా రుద్దాలి. మా ఆవిడ పొట్ట మీద చోటు చాలక తొడలకు కూడా వెళ్లాం.

ఇంకోటి బయటికి చెప్పుకోవడం కష్టం, అయినా చెప్పాలి. ఏడాది క్రితం ఆమె రాత్రిళ్లు ఫోనులో చీరలు కొనడం మొదలుపెట్టింది. ఒక్క నెలలో పదిహేడు చీరలు. జీవితమంతా రూపాయి లెక్క రాసిన మనిషి. నేను కోప్పడ్డాను, ఆమె ఏడ్చింది. తర్వాత డాక్టరు చెప్పారు, ఈ రకం మందులతో కొందరికి ఆపుకోలేని కోరికలు పుడతాయట: కొనడం, పేకాట, తిండి. అది ఆమె తప్పు కాదు, మందు చేసిన పని. డోసు తగ్గించగానే ఆగింది. ఆ రోజు కోప్పడినందుకు ఇంకా బాధపడుతున్నాను. ఈ మందు మొదలుపెట్టే ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఈ విషయం ముందే తెలియాలి.


లక్ష్మి_కర్నూలు | మార్చి 6

రమణమూర్తి గారూ, మా అమ్మకు 71. సిండోపా (లెవోడోపా మాత్రే) రోజుకు ఎనిమిదిసార్లు. మా ఊళ్లో డాక్టరు ప్రతిసారీ ఒక మాత్ర పెంచి పంపుతున్నారు. ఈ పంపులు మన దగ్గర దొరుకుతాయా? ఖర్చు మాలాంటివాళ్లు భరించగలరా?


రమణమూర్తి_విశాఖ | మార్చి 6

లక్ష్మీ, అపోమార్ఫిన్ పెన్ను, పంపు రెండూ మన దేశంలో కొన్ని పెద్ద సెంటర్లలో పెడుతున్నారు. మేం హైదరాబాదు వెళ్లాం. పంపు ఒకసారి కొంటే అయిపోతుంది, మందు, సూది సెట్లు మాత్రం నెలనెలా కొనాలి. మా ఇన్సూరెన్సు ఒక్క రూపాయి ఇవ్వలేదు. నా పెన్షన్‌లో పెద్ద వాటా దీనికే. పెట్టించే ముందు ఒక ఏడాది లెక్క కాగితం మీద వేసుకోమ్మా. మధ్యలో డబ్బు చాలక ఆపేస్తే ఇంకా కష్టం.

కానీ దానికంటే ముందు మూవ్‌మెంట్ డిజార్డర్స్ (కదలికల జబ్బులు) చూసే న్యూరాలజిస్టు దగ్గరికి ఒక్కసారి తీసుకెళ్లు. హైదరాబాదు నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్, తిరువనంతపురం శ్రీచిత్ర లాంటి చోట్ల డీబీఎస్ కూడా చేస్తారు. వెళ్లే ముందు మూడు రోజులు అమ్మ పక్కన కూర్చుని ప్రతి అరగంటకూ ఒక గీత గియ్యి: బాగుంది, బిగుసుకుంది, ఊగుతోంది, పడుకుంది. నేను పాత హాజరుపట్టీ మీద గీశాను. పది నిమిషాల్లో నోటితో చెప్పలేనిది డాక్టరుకు ఆ కాగితం చెప్పింది.


మేరీ_సిస్టర్ | మార్చి 6

లక్ష్మి గారికి ఇంకో మాట. పంపు కంటే ముందు చేయగలిగినవి చాలా మిగిలి ఉండొచ్చు. మాత్రకూ భోజనానికీ మధ్య ఎడం పెట్టడం, పప్పు, మాంసం రాత్రికి జరపడం, మాత్ర పనిచేసే సమయం పొడిగించే ఎంటకాపోన్ కలపడం. పంపు అందనివాళ్లకు మాత్రలను విటమిన్ సీ కలిపిన నీళ్లలో కరిగించి, లెక్క ప్రకారం గంటగంటకూ కొంచెం తాగించే పద్ధతి కూడా ఉంది. ఇది డాక్టరు లెక్క కట్టి రాసిస్తేనే చేయాలి, మనంతట మనం కాదు. కానీ అడగండి. అడగందే ఎవరూ చెప్పరు.

అసలు పంపు గురించి ఎప్పుడు ఆలోచించాలి అనడానికి 5-2-1 అని ఒక గుర్తు ఉంది. రోజుకు కనీసం 5 సార్లు లెవోడోపా, కనీసం 2 గంటలు ఆఫ్, కనీసం 1 గంట ఇబ్బంది పెట్టే ఊగుడు. ఇందులో ఒక్కటి ఉన్నా పెద్ద డాక్టరుకు చూపించమని అర్థం.


సుబ్బారావు_తెనాలి | మార్చి 7

శారదమ్మ గారూ, ఈ ఉత్తరం మీకు కాదు, మీవారికి. చదివి వినిపించండి. ఇది రాయడానికి మూడు ఆన్‌లు, అంటే మందు పట్టి ఒళ్లు కదిలే మంచి సమయాలు, పట్టింది, ఆఫ్ రాగానే ఆపేసి మళ్లీ మొదలుపెట్టాను.

అన్నగారూ, నాకు 61. నేనూ రోగినే. 2017లో మెదడులో తీగలు పెట్టారు, ఛాతీలో చర్మం కింద బ్యాటరీ ఉంది. అంటే నాకు మిషను ఒంటి లోపలే ఉంది. పెట్టకముందు నేనూ మీరన్నమాటే అన్నాను.

అప్పట్లో ఒకసారి గుంటూరు వెళ్దామని బస్టాండులో నిలబడ్డాను. బస్సు వచ్చేసరికి ఆఫ్ అయిపోయాను. కాలు లేవదు, మాట రాదు, నోట్లోంచి చొంగ. కండక్టరు తాగి ఉన్నాననుకుని పక్కకు తోసేశాడు. పొద్దున పదకొండింటికి. మా వీధి కుర్రాడు ఒకడు గుర్తుపట్టి ఆటోలో ఇంటికి తెచ్చాడు. ఆ తర్వాత రెండేళ్లు ఒంటరిగా వీధి మలుపు దాటలేదు. మాత్రల డబ్బా, గడియారం, ఇవే నా లోకం. ఎవరైనా ఇంటికొస్తామంటే ఏ టైముకు ఆన్‌లో ఉంటానో లెక్క వేసుకుని రమ్మనేవాణ్ని.

అన్నగారూ, మిషను మనకు అప్పటికే కట్టేసి ఉంది. ఆ గడియారమే. పంపు పెట్టుకున్నాక కనీసం ఆ గడియారం చేతికి మాత్రమే ఉంటుంది. తుది నిర్ణయం మీదే, నేను పెట్టుకోమని బలవంతం చేయను. కానీ శారదమ్మ గారు మీకోసం అడిగే బదులు మీరే డాక్టరును మీ నోటితో అడగండి. మంచి గంట చూసుకుని వెళ్లండి.


శారద_లెస్టర్ | మార్చి 8

సుబ్బారావు గారూ, చదివి వినిపించాను. బస్టాండు దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఎత్తి ఆపమన్నారు. కాసేపటికి మళ్లీ మొదటినుంచి చదవమన్నారు. రాత్రి పడుకునే ముందు "సోమవారం నేనే మాట్లాడతాను" అన్నారు. మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు.

కిరణ్ బాబూ, కొత్త పంపు గురించి నీ మాట కోసం చూస్తున్నాను. ముఖ్యంగా రాత్రిళ్లు, చర్మం.


కిరణ్_ఎడిసన్ | మార్చి 9

ఆంటీ, ఆలస్యమైంది, సారీ.

దీనికి ఆపరేషన్ లేదు, అదే పెద్ద ఊరట. చిన్న సీసాలోంచి మందును సిరంజిలోకి ఎక్కించి పంపులో పెడతాం. పొట్ట మీద చిన్న మెత్తని గొట్టం లాంటిది దిగుతుంది, సూది లోపల ఉండదు. దాన్ని ఎక్కువలో ఎక్కువ మూడు రోజులు ఉంచొచ్చు. బొడ్డునుంచి రెండంగుళాలు దూరం, గత 12 రోజుల్లో వాడిన చోట్లకు కనీసం అంగుళం దూరం ఉండాలి. ఎక్కడెక్కడ పెట్టామో గుర్తుండదు కాబట్టి నాన్న ఒక కాగితం మీద పొట్ట బొమ్మ గీసి గళ్లు వేసి తేదీలు రాస్తారు. ఇంజనీరుగా చేసిన మనిషి, ఆ పటం చూస్తే ఇంటి ప్లానులా ఉంటుంది. స్నానానికి పంపు తీయొచ్చు, గంటలోపు తగిలించేస్తే ఏమీ కాదు. గంట దాటితే కొత్త సెట్టు, కొత్త చోటు. మూడు గంటలు దాటితే మళ్లీ మొదటి పెద్ద డోసు ఇచ్చి మొదలుపెట్టాలి.

చర్మం మాత్రం నిజంగా ఇబ్బందే. ఎర్రగా అవుతుంది, గట్టి ఉండలు కడతాయి. అమ్మకు రెండో నెలలో ఒక ఉండ చీముపట్టి కోసి తీయాల్సి వచ్చింది. అప్పటినుంచి సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కోకుండా ఎవరం సామాను ముట్టుకోం. కొంచెం వేడిగా, ఎర్రగా వ్యాపిస్తున్నట్టు అనిపిస్తే ఆ రోజే ఫోన్ చేయండి, రేపు చూద్దాం అనుకోవద్దు.

రాత్రి బాగుంది. రాత్రికి వేగం తగ్గించి పెట్టుకోవచ్చు. గొట్టం పంపు రోజుల్లో రాత్రి మందు లేక తెల్లవారుజామున అమ్మ కాలి వేళ్లు ముడుచుకుపోయి నొప్పితో లేచేది. ఇప్పుడు అది లేదు. గొట్టం మడతపడితే కూత పెడుతుంది, మొదటి వారం మూడుసార్లు లేచాం. పంపును దిండు పక్కన చిన్న సంచీలో పెట్టి, గొట్టం బనియను కింద నుంచి తీసుకెళ్లాక కూతలు తగ్గాయి.

పెరుగన్నం గొడవ పూర్తిగా పోలేదు. పేగులో పోటీ లేదు గానీ మెదడులోకి వెళ్లే దగ్గర ప్రొటీన్ పోటీ అలాగే ఉంటుందట. ఎక్కువ తిన్న రోజు కొంచెం తేడా తెలుస్తుంది.


మేరీ_సిస్టర్ | మార్చి 9

రెండు విషయాలు రాసి పెట్టుకోండి శారద గారూ. పంపు ఆగిపోయిన రోజుకు మాత్రలు ఎన్ని, ఎప్పుడు వేయాలో డాక్టరు చేత ముందే రాయించుకుని, డబ్బాలో ఉంచండి. లెవోడోపా ఉన్నట్టుండి ఆగితే ఒళ్లు బిగుసుకుపోయి విపరీతమైన జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. కిరణ్ అమ్మగారికి ఆ రాత్రి జరిగింది అందుకే అంత ప్రమాదం.

రెండోది, ఏ ఆసుపత్రికి వెళ్లినా వాంతులకు మెటోక్లోప్రమైడ్, గందరగోళానికి హాలోపెరిడోల్ ఇవ్వనివ్వకండి. ఇండియాలో పెరినార్మ్ అని ఇస్తారే, అదే మెటోక్లోప్రమైడ్. డోపమైన్‌ను అడ్డుకునే మందులవి. పర్సులో కార్డు పెట్టుకోండి, అబ్బాయి ఫోనులోనూ ఫొటో ఉంచండి.


శారద_లెస్టర్ | ఏప్రిల్ 27

అందరూ అడుగుతున్నారు, ఆలస్యానికి మన్నించండి. పంపు పెట్టి అయిదు వారాలైంది.

మొదటి నాలుగు రోజులు రోజూ నర్సమ్మ వచ్చి వేగం సరిచేసింది. ఇప్పటిదాకా వేసుకున్న మాత్రలన్నీ కూడి, దాన్నిబట్టి పంపు లెక్క కట్టారు. రెండోరోజు ఊగుడు ఎక్కువైతే తగ్గించారు. పదోరోజు రాత్రి మావారు కుర్చీ వైపు చూస్తూ "నాన్న ఎందుకు నిలబడే ఉన్నారు, కూర్చోమను" అన్నారు. మావయ్య గారు పోయి ఇరవై రెండేళ్లు. నాకు చేతులు చల్లబడ్డాయి. డోసు ఎక్కువైతే భ్రమలు వస్తాయని మేరీ గారు చెప్పి ఉన్నారు కాబట్టి వాదించకుండా, "చెప్తాను, మీరు పడుకోండి" అని పొద్దున్నే ఫోన్ చేశాను. రాత్రి వేగం తగ్గించారు, మళ్లీ రాలేదు.

నా వేళ్ల సంగతి. మొదటి వారం సీసా మీద సిరంజి బిగించడానికి ఏడుపొచ్చింది. ఇప్పుడు ముందు గోరువెచ్చటి నీళ్లలో అయిదు నిమిషాలు చేతులు పెట్టుకుంటాను. కాఫీ డికాక్షన్ దిగేలోపు వేళ్లు వదులవుతాయి, ఆ తర్వాతే మందు పని. బుడగలు లేకుండా సిరంజిని వేలితో తట్టి పైకి పట్టుకుని చూడడం నాకు బాగా అలవాటైంది. అబ్బాయి కూడా నేర్చుకున్నాడు, ఆదివారం వాడే మారుస్తాడు. నేను జ్వరం వచ్చి పడుకుంటే ఎవరు చేస్తారన్న బెంగ అలా తీరింది. కొత్తగా పెట్టించుకునేవాళ్లు రెండో మనిషికి నేర్పించకుండా మొదలుపెట్టకండి, ఇది నా మాటగా వినండి.

ఎడమవైపు ఒక చోట ఉండ కట్టింది, చీము లేదు. పడిపోవడం పూర్తిగా పోలేదు, మలుపు దగ్గర ఇంకా తడబడతారు. గొంతు అంతే ఉంది, మాట చిన్నగానే వస్తుంది. గుమ్మం దగ్గర ఆగిపోవడం మాత్రం ఈ అయిదు వారాల్లో రెండేసార్లు.

మొన్న రాత్రి నాకు మెలకువ వచ్చింది. మంచం కదిలినట్టనిపించింది. ఆయన తనంతట తాను అటునుంచి ఇటు తిరిగి పడుకున్నారు. నాలుగేళ్లుగా రాత్రికి మూడుసార్లు నేనే లేచి భుజం కింద, మోకాళ్ల కింద చేతులు పెట్టి తిప్పుతున్నాను. నేను లేచి లైటు వేయలేదు, అలాగే చూస్తూ పడుకున్నాను.

ఇప్పుడు ఆయన నెల్లూరు వెళ్దామంటున్నారు. తమ్ముడి కూతురి పెళ్లి జూన్‌లో. పంపుతో విమానం, అక్కడి ఎండలు, ఎవరికైనా తెలుసా?


కిరణ్_ఎడిసన్ | ఏప్రిల్ 27

ఆంటీ, చాలా చాలా సంతోషం! నాన్నకు చదివి వినిపించాను.

మందు ఫ్రిజ్‌లో ఉండాలి. బయట పెడితే 30 డిగ్రీలు దాటకుండా, ఎక్కువలో ఎక్కువ 28 రోజులు. విమానంలో చేతి సంచీలోనే పెట్టుకోండి, లగేజీలో వేయొద్దు. డాక్టరు ఉత్తరం రెండు కాపీలు. సెట్లు లెక్క కంటే సగం ఎక్కువ తీసుకెళ్లండి, అక్కడ దొరుకుతాయని నమ్ముకోవద్దు. మాత్రల డబ్బా తప్పనిసరి.


సుబ్బారావు_తెనాలి | ఏప్రిల్ 28

జూన్‌లో నెల్లూరు 40 దాటుతుంది, కరెంటు కూడా పోతుంటుంది. పెళ్లి వీడియోలో చూసి డిసెంబరులో రండి. తెనాలి దారిలోనే కదా. అన్నగారిని ఏ టైముకైనా రమ్మనండి.